వజ్రం రంగు: ఎవరి కంటికి, ఏ వెలుగులో?



పెళ్ళిళ్ళ రోజులు దగ్గర పడ్డాయంటే మన ఇళ్ళలో ఒక కొత్త భాష మొదలవుతుంది. "ఎఫ్ కలరేనా? జి అయినా ఫరవాలేదా? హెచ్ అంటే పచ్చగా కనపడుతుందేమో!" అని వదినలు మరదళ్ళని, అమ్మలు అమ్మాయిలని అడుగుతూ ఉంటారు. ఈ అక్షరాలు ఎక్కడివి, ఎవరు పెట్టారు అని మాత్రం ఎవరూ అడగరు. ఇంకో చిత్రం చూడండి. మంచి మార్కు అంటే మనకి 'ఎ' అని తెలుసు. వజ్రాల దగ్గరికి వచ్చేసరికి అందరికంటే పై మెట్టు మీద 'డి' కూర్చుని ఉంటుంది. ఎ, బి, సి ఏమైపోయాయి? ఈ రోజు ఆ కథ చెబుతాను. కథ కృష్ణ ఒడ్డున కొంత, దక్షిణాఫ్రికాలో కొంత, మనం ఉంటున్న ఈ అమెరికాలో కొంత జరిగింది.

ముందు అసలు సంగతి ఒకటి తేల్చుకుందాం. మామూలుగా నగల్లో వాడే వజ్రానికి 'రంగు' అంటే ఉన్న రంగు కాదు, లేని రంగు. రాయిలో పసుపు ఛాయ ఎంత తక్కువ ఉంటే అంత పై మెట్టు. వజ్రం అంటే కర్బనం. స్వచ్ఛమైన కర్బన స్ఫటికానికి రంగు ఉండదు. భూమి లోపల అది తయారయ్యేటప్పుడు కొన్నిచోట్ల కర్బనం ఉండవలసిన స్థానంలో నైట్రోజన్ పరమాణువు వచ్చి కూర్చుంటుంది. అది వెలుతురులోని నీలి, ఊదా కిరణాల్ని కొంత మింగేస్తుంది. మిగిలిన వెలుతురు మన కంటికి పచ్చగా కనిపిస్తుంది. నైట్రోజన్ బదులు బోరాన్ చేరితే నీలం వస్తుంది. ఈ వివరాలు 20వ శతాబ్దంలో గాని తెలియలేదు. 1934లో శాస్త్రజ్ఞులు వజ్రాలు రెండు జాతులని గుర్తించారు. ఆ తేడాకి కారణం నైట్రోజన్ అని 1959లో బయటపడింది. అంతకు ముందు రెండు వేల ఏళ్ళూ మనుషులు రంగుని కంటితోనే తూచారు.

మన పూర్వుల దగ్గరనుంచే మొదలుపెడదాం. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఖజానాలోకి తీసుకోవలసిన రత్నాల అధ్యాయం ఉంది. అక్కడ వజ్రాల రంగులు చెప్పడానికి ఆయన వాడిన పోలికలు చూస్తే ముచ్చటేస్తుంది. పిల్లి కన్ను, దిరిసెన పువ్వు, గోమూత్రం, గోమేధికం, స్వచ్ఛమైన స్ఫటికం. ఇంటి చుట్టూ రోజూ కనిపించే వస్తువులే ఆయన కొలబద్దలు. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో ఇంకో రెండు పనులు చేశాడు. ఏ ప్రాంతపు వజ్రం ఏ రంగులో ఉంటుందో చెప్పాడు. కళింగ దేశపు వజ్రం కాస్త పచ్చన అన్నాడు. ఏ రంగు ఏ వర్ణం వాళ్ళకి శ్రేష్ఠమో కూడా చెప్పాడు. తెలుపు బ్రాహ్మణులకి, ఎరుపూ పసుపూ క్షత్రియులకి, దిరిసెన పువ్వు రంగు వైశ్యులకి, కత్తి రంగు శూద్రులకి అన్నాడు. రాయిని చూస్తూనే మనిషికి మెట్టు కట్టే అలవాటు అంత పాతది. రంగుల పట్టీలో ఎప్పుడూ రాయి ఒక్కటే ఉండదు, దాన్ని తయారుచేసిన సమాజం కూడా ఉంటుంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి. తరువాత పనికొస్తుంది.

ఇక గోల్కొండ. 18వ శతాబ్దం మొదట్లో బ్రెజిల్‌లో గనులు బయటపడేదాకా ప్రపంచానికి వజ్రాలు దాదాపుగా మన దేశం నుంచే వెళ్ళేవి. వాటిలో పేరుపడ్డవి కృష్ణా తీరం గనులవి. గోల్కొండ కోటలో గనులేమీ లేవు. అది రాజధాని, బజారు. రాళ్ళు దొరికింది కొల్లూరు, పరిటాల లాంటి ఊళ్ళలో. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం కింద ఉంది. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఈ గనులకి వచ్చి, వ్యాపారం చేసి, చూసినదంతా పుస్తకంగా రాశాడు. వజ్రం రంగుని మనవాళ్ళు ఎలా పరీక్షించేవారో ఆయన రాసిన పద్ధతి వినండి.

యూరపులో మేము పగటి వెలుగులో రాయిని చూస్తాం, ఇక్కడివాళ్ళు రాత్రిపూట చూస్తారు అంటాడు. గోడలో చదరపు అడుగంత గూడు చేసి, అందులో పెద్ద వత్తి వేసిన దీపం పెట్టి, రాయిని వేళ్ళ మధ్య పట్టుకుని ఆ దీపం వెలుగులో దాని 'నీరు' చూస్తారట. నీరు అంటే రాయి స్వచ్ఛత, మెరుపు, ఛాయ అన్నీ కలిపిన మాట. పారసీలో 'ఆబ్' అన్నా నీళ్ళే, మెరుపూ అదే. ఇంగ్లీషువాళ్ళు మేలైన వజ్రాన్ని 'మొదటి నీటి వజ్రం' అనడం కూడా ఈ తూర్పు దేశాల వాడుక పుణ్యమే.

ఇక్కడొక ముఖ్యమైన సంగతి ఉంది. ఆ వర్తకులు ఆకాశపు రంగు నీటిని అన్నిటికంటే చెడ్డదిగా లెక్కవేసేవారని టావెర్నియే రాశాడు. ముడి రాయిలో ఆ నీలి ఛాయ తెలియదు. సానపట్టేటప్పుడు కొంచెం అనుమానం వస్తే, రాయిని గుబురుగా ఆకులున్న చెట్టు కిందకి తీసుకువెళ్ళేవారు. ఆ ఆకుపచ్చని నీడలో నీలం ఉంటే దొరికిపోతుంది. దీపపు గూడు, చెట్టు నీడ, ఇవే ఆనాటి పరీక్షశాలలు. ఏ వెలుగులో చూస్తున్నామన్నదే సగం పరీక్ష అని వాళ్ళకి తెలుసు.

ఇంకో ముచ్చట కూడా ఆయన రాశాడు. వర్తకుల పిల్లలు, పదేళ్ళ నుంచి పదిహేను పదహారేళ్ళ వాళ్ళు, ఊరి మధ్య చెట్టు దగ్గర కూర్చునేవారట. నడుముకి ఒకపక్క తూకపు రాళ్ళ సంచి, ఇంకోపక్క డబ్బు సంచి. ఎవరైనా రాయి తెస్తే అందరిలోకి పెద్ద కుర్రాడు చూసి పక్కవాడికి ఇస్తాడు. అలా చేతులు మారుతూ రాయి గుంపంతా తిరిగి మళ్ళీ పెద్దవాడి దగ్గరికి వస్తుంది. ఒక్కడూ నోరు విప్పడు. అప్పుడు పెద్దవాడు బేరం చేస్తాడు. సాయంత్రం కొన్న రాళ్ళన్నీ నీటిని బట్టి, తూకాన్ని బట్టి వేరుచేసి పెద్ద వర్తకులకి అమ్మి లాభం పంచుకుంటారు. ఒకరి మాట ఇంకొకరి చూపు మీద పడకుండా, ముందు అందరూ మౌనంగా చూడడం అన్న పద్ధతిని మరిచిపోకండి. మూడు వందల ఏళ్ళ తరువాత అది మళ్ళీ కనిపిస్తుంది.

గోల్కొండ రాళ్ళకి అంత పేరు ఎందుకు వచ్చిందంటే, వాటిలో కొన్ని నైట్రోజన్ దాదాపు లేని జాతివి. శాస్త్రజ్ఞులు వీటిని రెండు-ఎ రకం అంటారు. కోహినూర్ ఆ రకమే. నగల వజ్రాల్లో నూటికి ఒకటో రెండో మాత్రమే అలాంటివి ఉంటాయి. ఇప్పుడు వేలంపాటల్లో 'గోల్కొండ' అనే పేరు ఊరి పేరుగా కాక ఆ తేటదనానికి పేరుగా వాడుతున్నారు. అలాగని మన నేల తెల్ల రాళ్ళే ఇచ్చిందనుకోకండి. వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ మ్యూజియానికి మీరు పిల్లలతో వెళ్ళే ఉంటారు. అక్కడి నీలి హోప్ వజ్రం, 45.52 క్యారెట్లది, టావెర్నియే మన దేశం నుంచి తీసుకువెళ్ళి 14వ లూయీ రాజుకి అమ్మిన పెద్ద రాయిలోంచి వచ్చినదే. అది కొల్లూరు గనిదని చాలామంది నమ్మకం. లేత నీలి ఛాయ ఉంటే ధర తగ్గించే బజారు నుంచే, నిండు నీలం రాయి ఒక రాజుగారి ఖజానాకి చేరింది.

ఇప్పుడు దక్షిణాఫ్రికాకి వెళదాం. 1867లో ఆరెంజ్ నది ప్రాంతంలో హోప్‌టౌన్ దగ్గర ఒక రాయి దొరికింది. దానికి తరువాత యురేకా అని పేరుపెట్టారు. నాలుగైదేళ్ళలో కింబర్లీ గనులు మొదలయ్యాయి. వజ్రాలు అంతకు ముందు ఎన్నడూ లేనంతగా బజారులోకి వచ్చిపడ్డాయి. వాటిలో చాలా రాళ్ళకి పసుపు ఛాయ ఉండేది. కొంచెం తెలుపు, బాగా తెలుపు, కాస్త పచ్చన అంటూ వేరుచేయవలసిన అవసరం వర్తకులకి అప్పుడు గట్టిగా వచ్చింది. వాళ్ళు గనుల పేర్లనే రంగులకి పేర్లుగా పెట్టుకున్నారు. నీళ్ళలో కొట్టుకువచ్చిన తేట రాళ్ళని 'రివర్' అన్నారు. వెసెల్టన్ గని రాళ్ళలాంటి తెలుపుని 'వెసెల్టన్' అన్నారు. తరువాత 'క్రిస్టల్'. పసుపు తెలుస్తూ ఉంటే 'కేప్', అంటే కేప్ కాలనీ రాయి. యాగర్స్‌ఫాంటైన్ గనిలో నీలి మెరుపుతో తెల్లని రాళ్ళు దొరికేవి. 1893లో 995 క్యారెట్ల ఎక్సెల్సియర్ వజ్రం దొరికింది అక్కడే. ఆ గని పేరు మీద 'యాగర్' అనే మెట్టు వచ్చింది.

ఈ మాట మీకెక్కడో తగిలి ఉండాలి. "మా అమ్మమ్మవి బ్లూ జాగర్ రవ్వలు" అని మన ఇళ్ళలో గొప్పగా చెప్పుకోవడం వినే ఉంటారు. ఆ జాగర్ ఈ యాగరే. దక్షిణాఫ్రికాలోని ఒక గని పేరు మన అమ్మమ్మల చెవుల దాకా వచ్చి చేరింది. టావెర్నియే రోజుల్లో మన నేల మీదే నీలి నీరు అన్నిటికంటే చెడ్డది. అమ్మమ్మల రోజుల్లో అదే నీలి మెరుపు అన్నిటికంటే గొప్పది. వజ్రాలు మారలేదు, మంచిదనే మాటకి అర్థం మారింది.

ఆ రోజుల్లోనే ఇంకో విడ్డూరం జరిగింది. గోల్కొండ గడ్డనేలే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గరికి 1891లో జేకబ్ అనే వర్తకుడు ఒక పెద్ద రాయి తెచ్చాడు. అది దక్షిణాఫ్రికా వజ్రం. బేరం కలకత్తా కోర్టుదాకా వెళ్ళింది. చివరికి రాయి హైదరాబాదులోనే ఉండిపోయింది. 184.75 క్యారెట్ల ఆ జేకబ్ వజ్రాన్ని ఏడో నిజాం కాగితాల మీద బరువుగా వాడేవాడని చెబుతారు. 1995లో భారత ప్రభుత్వం నిజాం నగలతో పాటు దాన్ని కొన్నది. ప్రపంచానికి వజ్రాలు పంపిన ఊరు చివరికి బయటినుంచి కొనుక్కుంది.

గని పేర్లతో ఒక చిక్కు ఉంది. 'వెసెల్టన్' అన్న మాట ఏ గని రాయికైనా వాడుకోవచ్చు. వినేవాడికి అది రంగో, ఊరో తెలియదు. అమెరికాలో గందరగోళం ఇంకా పెరిగింది. ఒక కొట్టువాడు తన మంచి రాయిని 'ఎ' అన్నాడు. పక్క కొట్టువాడు తనది 'ఎఎ' అన్నాడు. ఇంకొకడు 'ఎఎఎ' అన్నాడు. కొందరు రోమన్ అంకెలు, కొందరు మామూలు అంకెలు వాడారు. 'బ్లూ వైట్' అన్న మాటనైతే ఎంత పచ్చని రాయికైనా తగిలించేవారు. చివరికి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధనల్లోకి ఆ మాట ఎక్కవలసి వచ్చింది. పగటి వెలుగులో నీలం తప్ప వేరే ఛాయ కనిపించే వజ్రాన్ని 'బ్లూ వైట్' అని అమ్మడం మోసం కిందకి వస్తుంది.

రాబర్ట్ షిప్లీ అనే ఆయన కాన్సస్ రాష్ట్రంలో నగల వ్యాపారం చేసినవాడు. అమ్మేవాళ్ళకే రాళ్ళ గురించి సరిగా తెలియదని అనుభవం మీద గ్రహించి, 1931లో లాస్ ఏంజెలెస్‌లో జెమొలాజికల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికాని మొదలుపెట్టాడు. మనం జి.ఐ.ఎ. అంటున్నది దాన్నే. ఆయన తరువాత ఆ సంస్థని నడిపిన రిచర్డ్ లిడికోట్, ఆయన తోటివాళ్ళు కలిసి 1953లో డి నుంచి జెడ్ దాకా రంగుల వరుస తెచ్చారు. ఎ, బి, సి అక్షరాలు అప్పటికే బజారులో నలిగి మైలపడ్డాయి కనుక వాటిని ముట్టుకోలేదు. బడిలో డి వస్తే ఇంట్లో తిట్లు తినాలి. ఏ వ్యాపారీ తన సరుకుకి సరదాపడి పెట్టుకునే అక్షరం కాదది. ఎవరి గొప్పలూ అంటని శుభ్రమైన అక్షరం కావాలనే డి తో మొదలుపెట్టారు. 1955లో వజ్రాలకి నివేదిక కాగితాలు ఇవ్వడం మొదలైంది.

డి, ఇ, ఎఫ్ అంటే రంగు లేనివి. జి నుంచి జె దాకా రంగు దాదాపు లేనివి. కె నుంచి ఎం దాకా పసుపు మెత్తగా తెలుస్తుంది. అక్కడనుంచి జెడ్ దాకా ఇంకా పెరుగుతూ పోతుంది. జెడ్ కూడా దాటి నిండు పసుపైతే మళ్ళీ విలువ పెరుగుతుంది. దాన్ని ఫ్యాన్సీ రంగు అంటారు.

పరీక్ష ఎలా చేస్తారో కూడా తెలుసుకోవాలి. రాయిని నగలోంచి విడిగా తీస్తారు. తెల్లని పళ్ళెంలో బోర్లా పెడతారు. ముఖం వైపు నుంచి చూస్తే మెరుపు కన్ను చెదరగొడుతుంది, ఛాయ తెలియదు. అందుకని పక్కనుంచి చూస్తారు. వెలుతురు పగటి వెలుగుకి సరిపోయేలా ఒకే ప్రమాణంలో ఉంటుంది. పక్కన రంగు ముందే నిర్ణయించి ఉంచిన నమూనా వజ్రాలు ఉంటాయి. వాటి పక్కన పెట్టి పోలుస్తారు. ఒకరికి మించి చూస్తారు. ఆ రాయి ఎవరిదో చూసేవాళ్ళకి తెలియదు, ఒకరి అభిప్రాయం ఇంకొకరికి ముందుగా చెప్పరు. చెట్టు దగ్గర నోరు విప్పకుండా రాయిని చేతులు మార్చుకున్న ఆ కుర్రాళ్ళు గుర్తుకొస్తున్నారా? వాళ్ళు పక్కన పెట్టుకోనిది నమూనా రాయి ఒక్కటే. వాళ్ళ నమూనా వాళ్ళ జ్ఞాపకంలో ఉండేది. అందుకే ఆ విద్య వాళ్ళ ఇళ్ళు దాటి వచ్చేది కాదు. కొనేవాడికీ అమ్మేవాడికీ ఒకే కొలబద్ద దొరకడం, అదీ డి అక్షరం తెచ్చిన మార్పు.

అయితే ఈ అక్షరం ఇళ్ళలో పెట్టే చిచ్చు కూడా నేను చూశాను. మా దూరపు బంధువు ఒకావిడ తన ఏడు రాళ్ళ దుద్దులు విప్పించి, ఒక దుద్దు రాళ్ళతో పెద్దమ్మాయికి, రెండో దుద్దు రాళ్ళతో చిన్నమ్మాయికి చెరొక లాకెట్ చేయించింది. పెద్దమ్మాయి తనది తెల్ల బంగారంలో, వెనక తెరిచి కట్టించుకుంది. చిన్నమ్మాయికి పాత పద్ధతిలో, పసుపుపచ్చ బంగారంలో వెనక మూసి కట్టించారు. చిన్నమ్మాయి ఇక్కడ ఒక కొట్టుకి తీసుకెళితే, అక్కడి మనిషి లాకెట్‌ని అలాగే పైనుంచి చూసి "ఎల్, ఎం ఉంటాయి, పాత పచ్చ రాళ్ళు, మార్చేసుకోండి" అన్నాడట. ఆ రాత్రే ఫోన్లో తల్లిని అడిగింది, "తెల్లవన్నీ అక్కకి ఇచ్చి పచ్చవి నాకిచ్చావా?" అని. ఆవిడ ఏమీ అనలేక ఫోను పెట్టేసింది.

తరువాత నా మాట మీద ఇద్దరూ రాళ్ళు విడిగా తీయించి, అమ్మకం కొనుగోలు పెట్టుకోని ఒక నిపుణుడికి చూపించారు. పద్నాలుగు రాళ్ళూ ఐ, జె, కె లలోనే ఉన్నాయి. ఇద్దరి వాటాల్లోనూ ఒకలాగే కలిసి ఉన్నాయి. పసుపు బంగారం రంగు రాయిలో ప్రతిఫలిస్తుంది. వెనక మూసేస్తే వెలుతురు రాదు, రాయి మసకబారినట్టు ఉంటుంది. ఇంకో సంగతి కూడా తేలింది. అతినీల లోహిత దీపం కింద వాటిలో చాలా రాళ్ళు నీలంగా వెలిగాయి. వజ్రాల్లో సుమారు నూటికి పాతిక నుంచి ముప్పై అయిదుకి ఈ గుణం ఉంటుంది, వెలిగే రంగు ఎక్కువగా నీలమే. ఎండలో ఆ కిరణాలు కొంత ఉంటాయి కనుక అలాంటి రాయి పగటిపూట నీలంగా మెరిసి తన పసుపుని కప్పుకుంటుంది. పాతకాలం బ్లూ జాగర్ల నీలి మెరుపులో చాలావరకు రహస్యం ఇదే. ఆ తల్లి అబద్ధం చెప్పలేదు. ఆవిడ దుద్దులు కొన్న రోజున వాటిని మెచ్చుకున్న కొలబద్ద వేరు. రాళ్ళ తగువు తీరింది కానీ, ఆ రాత్రి అన్న మాటని ఏ ల్యాబూ వెనక్కి తీసుకురాలేదు.

ఈ రోజుల్లో అక్షరం ఒక్కటీ చూసి తృప్తిపడడానికి కూడా లేదు. గోధుమ ఛాయ ఉన్న కొన్ని రాళ్ళని విపరీతమైన వేడిలో, ఒత్తిడిలో పెట్టి తెల్లగా మార్చవచ్చని 1999లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ప్రకటించింది. ఇప్పుడు ప్రయోగశాలలో పెంచిన వజ్రాలు కుప్పలుగా వస్తున్నాయి. అవీ వజ్రాలే, కానీ వాటిలో తెల్లని రంగు అరుదు కాదు. అందుకే జి.ఐ.ఎ. 2025 అక్టోబరు నుంచి వాటికి డి, ఇ, ఎఫ్ అక్షరాలు రాయడం మానేసి 'ప్రీమియం', 'స్టాండర్డ్' అని రెండు మాటలతో సరిపెడుతోంది. అరుదుదనాన్ని కొలవడానికి పుట్టిన నిచ్చెన, అరుదు కానిదాని దగ్గర అవసరం లేకపోయింది.

కనుక నేను చెప్పేది ఇంతే. కొత్తగా కొనేటప్పుడు అక్షరం తప్పకుండా అడగండి. కాగితం ఎవరు ఇచ్చారో, రాయి భూమిలో పుట్టిందో ల్యాబులో పెరిగిందో, తరువాత రంగు మార్చారో అడగండి. జి, హెచ్ ల మధ్య తేడా చెవికి పెట్టుకున్నాక ఎదుటి మనిషికి తెలియదని ధైర్యంగా ఉండండి. కానీ అమ్మ, అమ్మమ్మ ఇచ్చినవాటిని ఈ నిచ్చెన మీద నిలబెట్టి పంచకండి. బీమాకో అమ్మకానికో కావలసివస్తే రాయి విడిగా తీయించి చూపించండి, నగలో ఉండగా ఎవరో అన్న మాటని పట్టుకోకండి.

తొలకరి వానలు పడగానే కర్నూలు, అనంతపురం ప్రాంతాల చేలల్లో, జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు వైపు జనం ఇప్పటికీ వంగి నడుస్తూ రాళ్ళు వెతుకుతారు. దొరికినవాడి దగ్గర నమూనా రాయి ఉండదు, తెల్ల పళ్ళెం ఉండదు, ఏ అక్షరమూ ఉండదు. ధర చెప్పేది కొనేవాడే. ఇన్ని శతాబ్దాల తరువాత కూడా, వజ్రాలకి పేరుపడ్డ మన నేల మీద దాని రంగు తెలిసిన కన్ను ఒక పక్క, దాన్ని మట్టిలోంచి తీసిన చెయ్యి ఇంకో పక్క ఉన్నాయి. కొలబద్ద ఇద్దరి చేతిలోనూ ఉన్నప్పుడే బేరం సమానంగా జరుగుతుంది. మన చేతిలో ఉంది కనుక, దాన్ని ఎక్కడ వాడాలో, ఎక్కడ పక్కన పెట్టాలో తెలుసుకుని వాడుకుందాం.